ఫాంటసీ నవలల్ల మనం ఎక్కడున్నం?



వారం సంది గ్రూపులో నడుస్తున్న లొల్లి చూస్తున్న. ఒక దిక్కు అన్నలు "గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకోక ఈ మంత్రాల నవలలేంది" అని తిడుతున్రు. ఇంకో దిక్కు తమ్ముళ్లు, చెల్లెళ్లు హ్యారీ పోటర్, ట్వైలైట్, హంగర్ గేమ్స్ ఒకరికొకరు పంపుకుంటున్రు, వాటిని ఒక్క మాట అంటే మీద పడుతున్రు. ఈ పోస్టు ఇద్దరితోని కొట్లాడేందుకే. జర పెద్దగుంటది, ఓపిక పట్టుండ్రి.

మొదలు అన్నలకు. హాగ్వార్ట్స్ అంటే ఏంది? హాస్టల్. పదకొండేండ్ల పిల్లగాడు పెట్టె సర్దుకొని, ఎన్నడూ చూడని బడికి పోతడు. అందరితోని కలిసి వరుసగ కూసొని తింటడు, ఎవరిదో పక్క మంచం, ఎవరో వార్డెన్ లాంటి సారు, సెలవులకు ఇంటికి పోని పిల్లలు ఖాళీ బడిలో మిగిలిపోతరు. ఐదో తరగతిల ఇల్లు విడిచి గురుకులానికి పోయిన మన పిల్లకు ఈ కథ లండన్ పిల్లకంటే ముందే అర్థమైతది. తెలుగులో ఆ వయసుకు ఏమున్నది చెప్పుండ్రి. చిన్నపిల్లల నీతి కథలున్నయ్, ఆ తర్వాత ఒక్కసారే పెద్దోళ్ల నవలలు. 1947ల మొదలైన చందమామ దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లతోని ఆ ఖాళీని చాలా ఏండ్లు నింపింది. ఇప్పుడు అదీ లేదు. పద్నాలుగేండ్ల పోరి ఏం చదవాలె? కరెంట్ అఫైర్సా?

ఇగ తమ్ముళ్లకు. చదువుండ్రి, కాదనను. కానీ కథల ఎవని కాళ్ల దగ్గర కూసొని చదువుతున్నమో చూసుకోవాలె. హ్యారీ పోటర్ నాలుగో పుస్తకం 2000ల వచ్చింది. అండ్ల హెర్మయొనీ అనే పిల్ల, బడి వంటింట్ల జీతం లేకుంట చాకిరి చేసే ఎల్ఫుల కోసం ఒక సంఘం పెడతది. దోస్తులు నవ్వుతరు. రచయిత్రి కూడా వాళ్లతోని కలిసి నవ్వుతది. ఎల్ఫులే "మాకు విడుదల వద్దు" అంటరు, విడుదలైన ఒక ఎల్ఫు తాగుడుకు పడుతది. మన తాతలు నిజాం జమానల వెట్టి చేసిన్రు. "వాళ్లకు దాంట్లనే సంతోషం" అనేది ప్రతి దొర చెప్పిన మాట. ఆ పేజీల కాడ నాకు నవ్వు రాలే. డాబీ ఒక్కడు స్వేచ్ఛ కోరిండని లెక్క సరిపోదు, మిగిలిన వందమంది వంటింట్లనే ఉండిపోయిన్రు.

అదే కథల అడవిల ఉండే సెంటార్ల ముచ్చట మాత్రం మస్తుగుంటది. సర్కారు వాళ్ల కోసం ఒక ఆఫీసు పెడతది, ఆ ఆఫీసుకు ఒక్క సెంటార్ కూడా ఎన్నడూ పోలే. ఇది చదివి నేను పది నిమిషాలు నవ్విన. ఎందుకో మీకు చెప్పనవసరం లేదు.

ట్వైలైట్ దగ్గర నా కోపం ఎక్కువ. 2005ల వచ్చిన ఆ నవలల తోడేళ్లుగ మారే పిల్లలు ఉత్తగ పుట్టించిన జాతి కాదు. క్విలియూట్ అనే నిజమైన ఆదివాసులు, అమెరికాల వాషింగ్టన్ రాష్ట్రం సముద్రం ఒడ్డున లా పుష్‌ల ఉంటరు. వాళ్లు తోడేళ్ల నుంచి పుట్టిన్రని వాళ్ల సొంత మూలకథ ఉన్నది. అది వాళ్లకు పవిత్రం. రచయిత్రి ఆ పేరు తీసుకున్నది, తోడేలును తీసుకున్నది, ఇంగ్లండు, యూరపు రక్తపిశాచుల కథల అతికించింది. పుస్తకాలు, సినిమాలు కోట్లు సంపాదించినయ్. అదే టైముల ఆ ఊరి బడి సునామీ వస్తే మునిగిపోయే జాగల ఉండె. పక్కనున్న నేషనల్ పార్కు నుంచి ఎత్తు మీద భూమి ఇచ్చే చట్టం 2012ల వచ్చింది, కొత్త బడి తెరిచింది 2022ల. మన నాగోబా పేరు పెట్టి, మెస్రం వంశం పిల్లగాడు పాముగ మారి ఒక పట్నం పోరి వెంట పడ్డట్టు ఎవడన్న నవల రాస్తే, కేస్లాపూర్‌ల ఎవరన్న ఊకుంటరా? మరి వాళ్లదైతే ఎందుకు చప్పట్లు కొడుతున్నం?

రౌలింగ్ కూడా 2016ల ఇదే పని చేసింది. ఉత్తర అమెరికాల మంత్రాల చరిత్ర అని రాస్తూ నవాజోల నమ్మకాలను తన మాయలోకంల కలిపేసింది. ఆడ్రియన్ కీన్ లాంటి ఆదివాసీ రచయితలు గట్టిగ అడిగిన్రు: మావి బతికున్న నమ్మకాలు, మీ కథకు సామాను కాదు అని. నాకు ఆ మాట సరైందే అనిపిస్తది.

ఇదంతా దూరం ముచ్చట అనుకునేటోళ్లకు దగ్గరది చెప్త. 2015ల బాహుబలి వచ్చింది. కాలకేయులు నల్లగ ఉంటరు, వాళ్ల భాష వింటే నవ్వొచ్చేటట్టు కిలికి అని కొత్తగ తయారు చేసిన్రు. మా హాస్టల్‌ల ఆ ఏడాదంతా కొలామీ మాట్లాడే తమ్ముళ్ల పేరు కాలకేయులే. పిలిచింది పిల్లలే కాదు. ఒక తమ్ముడు రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మతోని కూడా తెలుగులనే మాట్లాడుడు మొదలుపెట్టిండు. ఆమెకు సగం అర్థం కాకపోయేది. "కథే కదా, సరదాకు" అనే అన్నలు, ఆ ఫోన్ ముచ్చటకు జవాబు చెప్పుండ్రి.

అట్లని అన్నీ గిట్లనే లేవు. హంగర్ గేమ్స్‌ల ఆదివాసీ అనే మాటే లేదు, కానీ అది మన కథ. కాట్నిస్ పదహారేండ్ల పిల్ల. ఊరి చుట్టు కంచె, కంచె అవుతల అడవి, అండ్లకు పోతే నేరం. నాయిన నేర్పిన విల్లు, బాణం, గడ్డల గుర్తు ఆమె దగ్గర ఉన్నయ్. కొట్టుకొచ్చిన మాంసం కొనేది మళ్ల ఆ కాపలా వాళ్లే. గేల్, పీటా ప్రేమ గోల నాకు విసుగు, అది వేరే ముచ్చట. ఖానాపూర్ నుంచి కడెం దిక్కు పోయేటోళ్లకు ఈ కంచె కొత్తనా? కవ్వాల్ 2012ల టైగర్ రిజర్వ్ అయింది, 2024ల కడెం మండలం రాంపూర్, మైసంపేట ఊర్లనే లేపి బయట పెట్టిన్రు. ఆ ఊరి పిల్ల ఒకతి హంగర్ గేమ్స్ చదివి ఏమనుకుంటదో నాకు వినాలని ఉన్నది. ఆ రచయిత్రి మన పేరు తీసుకోలే, మన దేవుణ్ని తీసుకోలే. అడవి మీద హక్కు ఎవరిది అనే ప్రశ్న తీసుకున్నది. నాకు కావాల్సింది గదే.

ఇంకోటి చెప్త, దొరికితే వదలకుండ్రి. ద మారో థీవ్స్, 2017, రాసింది కెనడాల మెటీ జాతి ఆమె షెరీ డిమలీన్. లోకమంత కలలు కనుడు మర్చిపోతది. కలలు కనేది ఆదివాసులే. వాళ్ల ఎముకల మజ్జ కోసం సర్కారు వేటాడి, బడి లాంటి జైళ్లల పెడతది. కెనడాల ఆదివాసీ పిల్లలను ఇంటి నుంచి గుంజుకుపోయి, భాష మాట్లాడితే కొట్టిన బడులు నిజంగ ఉండె, కథ అక్కడి నుంచే పుట్టింది. చివరికి ఆ యంత్రాలను కూల్చేది ఒక ముసలామె సొంత భాష. (కథ చెప్పేసిన, కోపం చేయకుండ్రి.) ఆ పేజీ చదివినప్పుడు నాకు యాదికొచ్చింది మా హాస్టల్ తమ్ముడే.

అంటే మన ఫాంటసీ మనం రాయాలె. కానీ ఇక్కడ ఒక కొట్లాట ఉన్నది. పహండి కుపార్ లింగల్‌ను, జంగుబాయిని సూపర్ హీరోలు చేసి కామిక్స్ తీద్దామని కొందరు తమ్ముళ్లు అంటున్రు. నేను ఒప్పుకోను. పర్ధాన్ తాత కిక్రి వాయించుకుంట చెప్పే కథ మనకు ఫాంటసీ కాదు, అది పెన్ ముందట చెప్పే కథ. దానికి టైమున్నది, చెప్పేటోళ్లున్నరు. మనమే దాన్ని మాయాజాలం చేస్తే, ట్వైలైట్‌ను తిట్టే హక్కు ఎక్కడిది? అది అచ్చు కావద్దని కాదు. హైమెండార్ఫ్ 1948లనే మన గాథలు ఇంగ్లిష్‌ల అచ్చేసిండు, గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌కెక్కింది. రాయబుద్ధైతే పెద్దమనుషులను, పర్ధాన్లను అడిగి రాయుండ్రి.

నవలకు మాత్రం వేరే సరుకు మస్తున్నది. హాస్టల్ మూడో రూముల దయ్యం. ఉట్నూరు ఆఖరి బస్సు ఘాట్‌ల ఆగిపోయిన రాత్రి. ఊరు లేపినంక కూడా పాత ఊరికే పోయే ఆవు. చెక్‌పోస్టు దాటినంక మనిషి మాట అర్థమయ్యే అడవి. కొలామీ, గోండి, నాయకపోడ్, లంబాడీ, ఏ ఇంటి పిల్లైనా సరే, ఏ భాషలనైనా సరే, దండారి దాకా టైమున్నది. మొదటి అధ్యాయం ఈ గ్రూపుల పెట్టుండ్రి. గ్రూప్స్ చదివే అన్నలు కూడా పెట్టొచ్చు, పరీక్ష వాయిదా పడ్డప్పుడల్లా ఖాళీయే కదా.