తెర వెనుక: హీరోగారి మోటారు సైకిలుని లాగేదెవరు?

కాకినాడ నుంచి ఓ పాఠకుడు రాశాడు. "మోటారు సైకిలు మీద హీరో హీరోయిన్లు పాట పాడుకుంటూ పోతుంటారు. హీరో చూపు రోడ్డు మీద కాదు, వెనకాల కూచున్న అమ్మాయి మీద! మరి పడిపోరేం? బండిని వ్యానుకి కట్టి లాగుతారని మా ఫ్రెండంటాడు. వంద రూపాయలు పందెం కాశాం. ఇంకోమాట, మా బండిని జీపు వెనకాల కట్టుకుని అరకు వెళ్దామనుకుంటున్నాం. తాడు సరిపోతుందా?"

మీ ఫ్రెండు సగం గెలిచాడు. తాడు మాత్రం సరిపోదు. ఈ రెండో జవాబు నేను ఎక్కడో చదివి చెప్తున్నది కాదు.

ముందు సినిమా సంగతి. మన కుర్రకారుకి బండి మోజు తగిలించింది తెరే. 1973లో 'బాబీ' వచ్చాక రిషికపూర్ నడిపిన ఆ చిట్టి రాజ్‌దూత్‌ని జనం 'బాబీ బండి' అనే పిలిచారు. 1975లో 'షోలే' వచ్చాక సైడ్ కారున్న మోటారు సైకిలు కనబడితే చాలు, ఇద్దరు స్నేహితులు గుర్తుకొచ్చేవారు. దూరం షాటుల్లో బండిని హీరోయో, ఆయన డూపో నిజంగానే నడుపుతారు. చిక్కంతా క్లోజప్పుతోనే. పూర్వం స్టూడియోలో బండిని నిలబెట్టి, వెనకాల తెర మీద పరుగెత్తే రోడ్డు చూపించి, పక్కన ఫ్యాను పెట్టి జుట్టు ఎగరేసేవారు. ఔట్ డోర్లో అయితే నేలకి జానెడెత్తున ఉండే ట్రాలీ మీద బండిని నిలబెట్టి బిగించి, ట్రాలీని కెమేరా వ్యాను లాగుతుంది. హీరోగారు హేండిలు పట్టుకుని నవ్వితే చాలు! ఈసారి హాల్లో గమనించండి. అలాంటి షాటులో నేలని తాకే చక్రం కనబడదు. మలుపొచ్చినా బండి పక్కకి వాలదు.

అంటే లాగేది ట్రాలీని, బండిని కాదు. ఈ చిన్న తేడా తెలియకే మేం ఓసారి దెబ్బతిన్నాం.

అనంతగిరి దగ్గర షూటింగు. సాయంత్రం పేకప్ అయ్యాక బుల్లెట్ ఎంత తన్నినా స్టార్టవలేదు. సామాన్ల లారీ అప్పటికే దిగిపోయింది. మిగిలింది ఒక జీపు, ఒక నైలాను తాడు, నేను, అసిస్టెంటు డైరెక్టరుగా పనిచేసే నా మిత్రుడు. "ఐదు కిలోమీటర్లేగా, కట్టేద్దాం గురూ" అన్నది నేనే. తాడుని హేండిలుకి ఓ పక్కగా కట్టిందీ నేనే. మావాడు బుల్లెటెక్కాడు, నేను జీపు వెనక సీట్లో కూచున్నాను.

ఎక్కుడులో బాగానే వచ్చింది. దిగుడు మొదలయ్యేసరికి బుల్లెట్ తన బరువుకి తానే జారి జీపు మీదకొస్తోంది, తాడు వదులై కిందికి వేలాడుతోంది. మలుపులో ఆవు అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకేశాడు, మళ్ళీ వదిలాడు. వదులు తాడు ఒక్కసారి బిగిసి హేండిల్ని పక్కకి లాగేసింది. కారు పడిపోదు, నాలుగు కాళ్ళుంది. రెండు చక్రాల బండికి ఆ ఒక్క కుదుపు చాలు. "ఆపన్నా, ఆపు!" అని నేను అరిచేలోగా మావాణ్ణి నాలుగు గజాలు ఈడ్చేసింది. మెడ పక్క ఎముక విరిగింది. ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద వాళ్ళమ్మగారి పక్కన కూచుని తాడు ఎవరు కట్టారో చెప్పలేకపోయాను.

తర్వాత యూనిట్లో ట్రాలీ పని చూసే పెద్దాయన నన్ను చివాట్లు పెట్టి, బండి కట్టడం నేర్పాడు. మీకూ చెప్తాను.

బండిని ఎక్కించాలి, లాగకూడదు. బుల్లెట్ లాంటిది 180 కిలోలకి పైనే తూగుతుంది, కాబట్టి గట్టి చెక్క వేసి ముగ్గురు తొయ్యాలి. ముందు చక్రం కదలకుండా ఓ గాడిలో ఇరకాలి. స్టాండు తీసేసి, గేరులో ఉంచాలి. ముందు రెండు, వెనక రెండు పట్టీలు నాలుగు మూలలకీ ఏటవాలుగా బిగించాలి. ముందు పట్టీలు హేండిలు చివర్లకి కాదు, కింద ఫోర్కుని పట్టి ఉండే దిమ్మకి వెయ్యాలి. స్ప్రింగులు సగం దాకా దిగాలి. పూర్తిగా దిగేలా బిగిస్తే ఫోర్కు సీళ్ళు పోతాయి, అసలు దిగకపోతే గుంటలో పడ్డప్పుడు పట్టీ వదులవుతుంది. పది పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగి మళ్ళీ బిగించాలి. ఇది అందరూ మర్చిపోయే పని!

ముందు చక్రం ఎత్తి కట్టి, వెనక చక్రాన్ని రోడ్డు మీద దొర్లించే పరికరాలు కూడా ఉన్నాయి. నాకు నచ్చవు. ఇంజను ఆగి ఉన్నా గొలుసు గేర్లని తిప్పుతూనే ఉంటుంది, వాటికి ఆయిలు సరిగా అందదు. తప్పదంటే గొలుసు విప్పండి. సొంత ట్రెయిలరు కొంటే దానికీ రిజిస్ట్రేషను ఉండాలి. ఏడాదికోసారి అరకు వెళ్ళే మీకెందుకండీ ఆ తద్దినం? మినీ వ్యాను మాట్లాడుకోండి. దూరమైతే రైలుంది. పెట్రోలు తీసేసి, గోనె చుట్టి, ఆర్.సి. నకలు ఇచ్చి పార్సెల్లో వెయ్యచ్చు.

చెడిన బండిని లాగడం గురించి 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉండేది. రెండిటి మధ్య ఎడం 5 మీటర్లు మించరాదని, వేగం గంటకి 24 కిలోమీటర్లు దాటరాదని ఆ నిబంధనలు చెప్పేవి. మా జీపు అంతకంటే నెమ్మదిగానే పోయింది మరి!

మావాడి ఎముక అతుక్కుంది. ఇప్పుడు కో-డైరెక్టరు. బండి ట్రాలీ ఎక్కిన ప్రతిసారీ మూడు పట్టీలు నన్ను కట్టనిచ్చి, నాలుగోది తనే బిగిస్తాడు. తర్వాత నా మూడూ విప్పి మళ్ళీ కడతాడు.