ఆ అట్టముక్క తీసెయ్యండి

సాకెట్ లూజైతే అట్టముక్క దోపేయడం మనందరికీ అలవాటే. నేనూ అదే చేశా.

మా బాబాయి తన పాత వ్యాన్‌లో వెనక సీట్లు పీకించి పరుపు వేయించాడు. సంక్రాంతి సెలవుల్లో అరకు బయల్దేరాం. ఘాట్ రోడ్డు కుదుపులకి చిన్న ఫ్రిజ్ ప్లగ్గు మాటిమాటికీ ఊడొస్తోంది. బిస్కెట్ ప్యాకెట్ అట్ట మడిచి దోపా. నిలబడింది. గంట తర్వాత ఒకటే కాలిన వాసన. ప్లగ్గు మెత్తబడిపోయింది. జానెడు దూరంలో పరుపు!

అసలా 12 వోల్టుల సాకెట్ పుట్టిందే సిగరెట్ లైటర్ కోసం. లోపలి స్ప్రింగు ప్లగ్గుని బయటికే తోస్తుంది. పైగా 60 వాట్లకి ఇంట్లో 230 వోల్టుల మీద పావు ఆంపియర్ చాలు, వ్యాన్‌లో 5 ఆంపియర్లు కావాలి. కరెంటు 19 రెట్లైతే, అదే లూజ్ కాంటాక్టు దగ్గర వేడి 360 రెట్లు (ఫస్టియర్‌లో రాసి మర్చిపోయాం కదా, అదే ఫార్ములా). ఫ్యూజు పోదు, ఎందుకంటే కరెంటేమీ ఎక్కువ లాగట్లేదు.

కాబట్టి సర్దకండి, మార్చెయ్యండి. బైకులకి వాడే సన్నటి 12 మిల్లీమీటర్ల డిన్ సాకెట్, దానికి సరిపోయే ప్లగ్గు వేయిస్తే బిగుతుగా కూర్చుంటుంది. మేం అదే వేయించాం. కరిగిన పాత ప్లగ్గుని మాత్రం బాబాయి పారేయలేదు. "మా ఇంజినీరు గారి ప్రాజెక్టు" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు.