మంచు మూత క్రింది లెక్కలు

సరస్సు అనగనే అలలును తామరలును మనకు స్ఫురించును. దక్షిణ ధ్రువఖండమున మెక్‌ముర్డో శుష్కలోయల సరస్సులకు అలలే లేవు. ఏడాది పొడుగునను మూడు నాలుగు మీటర్ల మంచు వానిపై మూతవలె ఉండును. గాలి సోకని ఆ నీరు కలగదు. కలగని నీటిలో పూర్వకాలపు లెక్కలు చెదరక నిలిచియున్నవి.

వాండా సరస్సు ఇందుకు తార్కాణము. పైన గడ్డకట్టిన మంచు. సుమారు 70 మీటర్ల అడుగున 25 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చని నీరు! ఆ వేడి భూగర్భమునుండి గాక సూర్యునినుండియే వచ్చుచున్నదని 1962లో విల్సన్, వెల్మన్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. నిర్మలమైన మంచుగుండ వెలుగు లోనికి పోవును. అడుగునీరు కాల్షియం క్లోరైడుతో బరువెక్కియుండుటచే వేడెక్కినను పైకి లేవదు.

ఆ ఉప్పే గడియారమైనది. అది పైనున్న మంచినీటిలోనికి వ్యాపించిన తీరును గణించి విల్సన్ 1964లో ఒక చరిత్రను వెలికితీసెను. సుమారు 1200 ఏండ్ల క్రిందట ఆ సరస్సు ఎండి ఉప్పుమడుగై, పిమ్మట మంచు కరగిన నీటితో మరల నిండినదట.

అడుగుబురద మరియొక సాక్షి. గాలి తెచ్చిన ఇసుక మంచుపై పడి, వేసవి యెండకు కాగి, మంచును కరగించుకొనుచు దిగి, పగుళ్లగుండ అడుగునకు జారును. అచ్చట చాపలవలె పరచుకొనిన సూక్ష్మజీవులు దానిని పొరలలో బంధించును. ఆ పొరలను కలచుటకు చేపలైన లేవు.

ఈ సాక్ష్యమునకు నేడు ముప్పు వచ్చినది. 1903లో స్కాట్ చూచిన బానీ సరస్సు మట్టము నాటినుండి 15 మీటర్లకు పైగా పెరిగినది. వాండా యొడ్డున న్యూజీలండువారు నెలకొల్పిన స్థావరమును నీరు ముంచునన్న భయముతో 1990 దశకమున తొలగింపవలసివచ్చెను. ఈ సరస్సులనుండి ఏరులు వెలుపలికి పారవు. చేరిన మలినమునకు పోవు దారి లేదు.

ఇదంతయు మానవుని నేరమేయని తీర్పుచెప్పుట తొందరపాటు. 1200 ఏండ్ల క్రిందటి యెండుదల మానవుడు చేసినది కాదు గదా! అయినను, ప్రకృతి పాలెంత, మన పాలెంత యను తగవు తీరవలెనన్న పాత లెక్కలు కావలెను. ఆ లెక్కలున్నది ఈ నీటిలో, ఈ బురదలో. మూత తొలగి గాలి పైపొరలను కలచినచో, తగవు తీరకమునుపే సాక్షి నోరు మూతపడును.

1991 నాటి మాడ్రిడ్ ఒడంబడిక ధ్రువఖండపు గనుల త్రవ్వకమును నిషేధించినది. 2004లో ఈ లోయలు ప్రత్యేక నిర్వహణ ప్రాంతమైనవి. 2024 మే నెలలో కొచ్చిలో భారతదేశము ఆతిథ్యమిచ్చిన సభలో ధ్రువఖండమునకు యాత్రికుల రాకను క్రమబద్ధము చేయు విషయము చర్చకు వచ్చినది. ఇవన్నియు మెచ్చదగినవే. కాని కట్టుబాట్లు అచ్చటికి పోవువారి చేతులను మాత్రమే ఆపగలవు. దూరదేశముల పొగగొట్టములు వేడెక్కించు గాలిని ఆపలేవు. ఆ బాధ్యత లోయలకు కావలియున్నవారిది గాదు, పొగ విడుచు మనది.