పేరు మారిస్తే బాధ్యత పోతుందా?

ఈసారి ఒక సంతకం గురించి రాస్తున్నా.

2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే ఆదివాసీ, దళిత పిల్లలూ ఉన్నారు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు వేల ఫారాల మీద వార్డెన్లు పెట్టేశారు. నేనూ హాస్టల్లో పెరిగినదాన్నే. వార్డెన్‌ను ‘ఎందుకు సార్’ అని అడిగే వయసా అది!

ఆ నెలల్లో కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. కాకపోవచ్చు. టీకాతో నాకు పేచీ లేదు, అది మన పిల్లలకు అందాలి కూడా. నా పేచీ ఒక మాటతో. దాన్ని ‘క్లినికల్ ట్రయల్’ అనలేదు, ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు’ అన్నారు. ట్రయల్ అంటే చట్టం నిలదీస్తుంది: ఎవరు ఒప్పుకున్నారు, బీమా ఏది, హాని జరిగితే వైద్యం ఎవరిది? ప్రాజెక్టు అన్నాక ఆ ప్రశ్నలన్నీ గడప బయటే ఆగిపోయాయి. అది ట్రయలేనని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తేల్చి చెప్పింది, వార్డెన్ల సంతకాలనూ తప్పుబట్టింది.

2019 నిబంధనల్లో ట్రయల్ బాధితులకు నష్టపరిహారం ఉంది. సంతోషమే. కానీ ఏది ట్రయలో, ఏది కాదో పేరు పెట్టేది ఎవరు? గోదావరి ఒడ్డున కూలికి వెళ్లే ఆ తల్లి మాత్రం కాదు.

సోమవారం డిగ్రీ క్లాసులో పద్యం వాయిదా. ఒక సమ్మతి పత్రం చదివిస్తాను.