దారి వేస్తే చాలదు, వంతులూ వేయాలి!

"అమ్మా, ఈ నెల దిక్కు మారింది. కాస్త భయంగా ఉంది" అంది మా అమ్మాయి, కారు మీంచి సైకిలు దింపుతూ. అదే కొండ మీద తొక్కుతున్న పిల్లకి భయమేమిటా అనుకున్నాను.

మనవరాలిని చూసుకోవడానికి అమెరికాలోని కొలరాడో వెళ్లినప్పటి మాట ఇది. అక్కడ బౌల్డర్ ఊరి పక్కన బెటాసో ప్రిజర్వ్ అనే కొండ అడవి ఉంది. అందులో చుట్టూ తిరిగి వచ్చే సన్నని మట్టిబాట, సుమారు 5 కిలోమీటర్లు. నడిచేవాళ్లకీ, సైకిళ్లవాళ్లకీ అదే బాట. సైకిళ్లు ఎటువైపు తిరగాలో బోర్డు మీద ఉంటుంది. ఆ దిక్కు నెలనెలా మారుతుంది. బుధ, శనివారాల్లో అయితే సైకిళ్లను రానివ్వనే రానివ్వరు!

దిక్కు మారితే ఏమవుతుందంటారా? తిరుమల ఘాట్ రోడ్లు గుర్తు తెచ్చుకోండి. ఎక్కడానికో దారి, దిగడానికో దారి. ఎక్కే దారిలో దిగమంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. మొన్నటిదాకా హాయిగా దిగిన వాలు ఇవాళ రొప్పుతూ ఎక్కాలి. చక్రం సులువుగా దొర్లిపోయిన రాతిమెట్టే ఇప్పుడు అడ్డుగోడ. బ్రేకు ఎక్కడ వేయాలో చేతులకున్న అలవాటంతా తారుమారు.

మరెందుకీ నియమం? సన్నబాట మలుపు అవతల ఎవరున్నారో కనబడదు. సైకిళ్లన్నీ ఒకే వైపు వెళితే ఎదురెదురుగా ఢీకొనవు. ఎటునుంచి వస్తాయో తెలుసు కాబట్టి నడిచేవాళ్లకీ ధైర్యం. నెలకోసారి దిక్కు మారడంతో విసుగూ ఉండదు. దీనికి కావలసిన ఖర్చల్లా ఒక్క బోర్డు!

పాపను ఒళ్లో పెట్టుకుని ఆ బోర్డు చూస్తుంటే నా మణికట్టు గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం మా కాలనీ పార్కులో ఎదురుగా దూసుకొచ్చిన ఓ కుర్రాడి సైకిలు తగిలి విరిగింది. "ఈ వయసులో పార్కెందుకు?" అన్నారే గానీ, సైకిళ్లకో వేళ పెడదామని ఒక్కరూ అనలేదు. నడక మానేసింది నేనే. నియమం లేనిచోట వేగంగా పోయేవాళ్లదే దారి. ముందుగా ఇంటికి చేరేది ఆడవాళ్లూ, ముసలివాళ్లూ.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ తెరిచారు. సంతోషమే. కానీ అలాంటిది ప్రతి ఊరికీ వస్తుందా? ఉన్న దారినే పంచుకోవడం నేర్చుకోవాలి.

గంటకి అమ్మాయి తిరిగొచ్చింది. మోచేయి గీసుకుపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇన్నాళ్లూ ఆ లోయ నా వీపు వెనకే ఉండిపోయిందమ్మా, ఇవాళ ఎదురుగా చూశాను" అంది.

ఇంటికొచ్చాక మా కాలనీ సంఘానికి ఉత్తరం రాశాను. పొద్దున ఏడున్నర దాకా నడిచేవాళ్లకి, సాయంత్రం పిల్లల సైకిళ్లకి, అదీ అందరూ ఒకే వైపు తిరిగేలా. పదకొండు మంది ఆడవాళ్లు సంతకాలు పెట్టారు. జవాబింకా రాలేదు. నేను మాత్రం మళ్లీ నడక మొదలుపెట్టాను.

మీ పార్కులో బోర్డు ఉందా? లేకపోతే మీరూ అడగండి.