పుట్టిన తేదీ దగ్గర మొదటి అబద్ధం

పోయిన ఆదివారం మా అక్క వాళ్లింట్లో భోజనాలయ్యాక మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏడో తరగతి చదువుతున్నాడు, 12 నిండి మూడు నెలలైంది. బడిలో సైన్స్ ప్రదర్శన కోసం స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో చిన్న ఆట తయారుచేశాడు. దాన్ని నెట్‌లో పెట్టాలంటే ఒకచోట ఖాతా తెరవాలి. పేరు కొట్టాడు, వాళ్లమ్మ మెయిల్ ఇచ్చాడు. పుట్టిన తేదీ దగ్గరికొచ్చాక రోజూ నెలా తనవే పెట్టి, సంవత్సరాల వరసని కిందికి దొర్లించుకుంటూ పోయి 2001 దగ్గర ఆగాడు.

"అదేంట్రా?" అన్నాను.

"నిజం పెడితే తెరుచుకోదు మామయ్యా, 13 నిండాలంట. మా క్లాసులో అందరూ ఇట్లాగే పెడతారు."

ఆ గొంతులో బెరుకు లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చినంత మామూలుగా చెప్పాడు. వాడు అబద్ధం రాశాడన్న దానికంటే, అది అబద్ధమని వాడికి తోచకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తప్పు వాడిది కాదనే అంటాను. నిజం చెప్పిన పిల్లవాణ్ని గెంటేసి, అబద్ధం చెప్పినవాణ్ని లోపలికి రానిచ్చే తలుపు పెట్టింది పెద్దవాళ్లే.

ఇంతకీ ఈ 13 ఎక్కడి అంకె? ఇది పిల్లల తెలివికో పరిపక్వతకో కొలత అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. కానీ ఇది ఒక చట్టం నుంచి వచ్చిన అంకె. అమెరికా 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం 'కోపా' అనే చట్టం చేసింది. అది 2000 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి ఇచ్చింది తల్లిదండ్రులేనని తేల్చుకోవాలి అన్నది దాని సారం. అది ఖర్చుతో కూడిన పని. అందుకే చాలా కంపెనీలు '13 నిండనివాళ్లు మా సేవ వాడరాదు' అని షరతుల్లో ఒక వాక్యం రాసుకున్నాయి. అంటే పిల్లల వివరాలు తీసుకుంటే ఏ బాధ్యత మీద పడుతుందో, దాన్ని తప్పించుకునే గీత అది. ఆ గీత గీసుకున్నంత మాత్రాన అన్నిసార్లూ చెల్లలేదు కూడా. పిల్లల చానళ్లు చూసేవాళ్ల వివరాలను యూట్యూబ్ ప్రకటనల కోసం సేకరించిందన్న ఆరోపణ మీద 2019లో గూగుల్ 17 కోట్ల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ పనిముట్ల దగ్గర ఈ గీత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్‌లో 13 నిండాలి. అంతకంటే చిన్నవాళ్లని తెలిస్తే ఖాతా వెంటనే రద్దు చేస్తామని షరతుల్లోనే ఉంది. చాట్‌జీపీటీకి 13 చాలు కానీ 18 లోపు అయితే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. క్లాడ్ వాడాలంటే 18 నిండాల్సిందే. గూగుల్ ప్లేలో సొంత యాప్ పెట్టడానికి డెవలపర్ ఖాతా తెరవాలన్నా 18.

ఇప్పుడు మన క్లాసురూముల్లోకి వద్దాం. బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచే మొదలవుతాయి, అంటే 11 ఏళ్ల పిల్లలు. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి అవగానే చేరతారు. ఇంటర్ ముగించి బీటెక్‌లో అడుగుపెట్టే పిల్లల్లో ఎందరికో 17 దాటి ఉండదు. మొదటి సెమిస్టర్‌లోనే 'ఫలానా ఏఐ టూల్‌తో చేసి చూడండి' అని మాస్టారు చెబితే, ఆ క్లాసులో కొందరికి షరతుల ప్రకారం దాన్ని తెరిచే అర్హతే లేదు. ఆ సంగతి మాస్టారికి ఎవరూ చెప్పరు. టూల్ పేరు బోర్డు మీద రాసే ముందు దాని షరతుల్లో వయసు చూడటం కాలేజీ పని. ఒక్క పేరా చదివితే చాలు.

ఆ షరతుల కింద 'నాకు సమ్మతమే' అన్న బటన్ నొక్కడం ఒప్పందం. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసిన ఒప్పందం అసలే చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1903లో మోహరీ బీబీ కేసులో తేల్చింది. మైనరు తన ఆస్తిని తాకట్టు పెట్టిన కేసది. ఆ రోజు పణంగా పెట్టింది ఇల్లూ వాకిలీ. ఈ రోజు పిల్లలు ఇస్తున్నది తమ గురించిన వివరాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 లోపు అందరినీ పిల్లలే అంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, వాళ్లు ఏం చూస్తున్నారో వెంటాడకూడదు, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. మంచి గొడుగే. కానీ 2001 అని రాసుకున్న మా మేనల్లుడు ఆ కంపెనీ లెక్కల్లో పెద్దవాడు. పెద్దవాళ్ల ప్రకటనలు, పెద్దవాళ్ల సిఫార్సులు వాడి ముందుకొస్తాయి. ఒక్క అంకెతో వాడు ఆ గొడుగు బయటికొచ్చేశాడు.

ఆ అనుమతి తీసుకునే తీరు మీదా నాకు బెంగ ఉంది. మన ఇళ్లలో చాలాచోట్ల అమ్మ ఫోనే పిల్లల ఫోను. అనుమతి కోసం ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే. ఇంగ్లీషులో వచ్చిన మెసేజ్ అమ్మకి చదివి చెప్పేదీ, అంకెలు కొట్టేదీ ఆ పిల్లే. కాగితం మీద అది తల్లి అనుమతి. ఎనిమిదేళ్లవాణ్నీ 17 ఏళ్లవాణ్నీ ఒకే గాటన కట్టడం కూడా నాకు నచ్చలేదు. రెండో క్లాసు పిల్లవాడికి కావాల్సిన కాపలా వేరు, రేపు ఉద్యోగానికి వెళ్లే కుర్రాడికి కావాల్సింది వేరు.

వయసు అడగని పనిముట్లూ ఉన్నాయి. ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఐదో నియమం, ఏ మనిషి పట్లా ఏ గుంపు పట్లా లైసెన్సు వివక్ష చూపకూడదంటుంది. అందుకే పైథాన్‌ను దించుకుని ఇంట్లో నడిపేవాడికి తొమ్మిదేళ్లున్నా తొంభై ఏళ్లున్నా అడిగేవాళ్లు లేరు. ఎంఐటీ వాళ్లు 2007లో పిల్లల కోసమే విడుదల చేసిన స్క్రాచ్‌ను కూడా కంప్యూటర్‌లోకి దించుకుంటే ఖాతా అక్కర్లేదు. పని చేసిపెట్టడానికి వివరాలు అవసరం లేనప్పుడు వయసుతోనూ అవసరం రాదు. మేనల్లుడికి నేను చెప్పింది ఇదే: "నాన్నా, ఎక్కడైనా నీ వయసు అడిగితే, నీ గురించి ఏం తీసుకుంటున్నారని ముందు నువ్వు అడుగు."

వాడు ఒప్పుకున్నాడు గానీ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అయితే వేరే ఊళ్లో వాళ్లు నా ఆట ఎట్లా ఆడతారు?" అన్నాడు. న్యాయమైన కోరికే. పిల్లవాడి పేరు, ఊరు, మెయిల్ ఏమీ తీసుకోకుండా వాడు చేసిన ఆటని మాత్రం పదిమందికి చూపించే చోటు కట్టడం ఇంత పెద్ద పరిశ్రమకి కష్టమని నేను నమ్మను.

ఆ సాయంత్రానికి ఆ పేజీ మూసేసి ఆటని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ప్రదర్శన శనివారం. బడి కంప్యూటర్‌లో స్క్రాచ్ ఉందో లేదో కనుక్కోవడానికి అక్క వాడి టీచరుకి ఫోన్ చేసింది.