చేతిపని: చిన్న వెల్డింగ్ మిషను కొన్నాక

మన షోలాపూర్‌లో లూముల మీద పనిచేసే ఒక తమ్ముడు మొన్న చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను కొన్నాడు. సంచిలో పట్టేటంత డబ్బా. పండుగకు ఊరికి పోయేటప్పుడు చేలో గేటు అతుకు పెట్టడానికి వెంట తీసుకుపోతాడట. మంచి పనే. నా దగ్గరా అట్లాంటిదే ఉంది, తక్కువ ధరదే.

డబ్బా మీద 200 ఆంపియర్లు అని రాసి ఉంటది. అది చూసి మురిసి బిరడా చివరిదాకా తిప్పొద్దు, ఇంటి వైరింగు తట్టుకోదు. 2.5 ఎం.ఎం. రాడ్డుకు 60 నుంచి 80 చాలు. మంచం కాళ్ళ పలచటి పైపుకైతే 2 ఎం.ఎం. రాడ్డు పెట్టి ఇంకా తగ్గించాలి. అక్కడ గీత లాగినట్టు లాగితే పైపుకు బొక్క పడుతుంది. ఒక చుక్క పెట్టాలి, రాడ్డు ఎత్తాలి, ఎరుపు తగ్గనియ్యాలి, పక్కన ఇంకో చుక్క. ఓపిక పని. మొదటి మంచానికి నేను మూడు బొక్కలు చేసిన, మా ఇంటావిడ ఇప్పటికీ చూపిస్తది!

ఎర్త్ క్లాంపు పట్టుకునే చోట రంగు, తుప్పు గీకి తెల్లటి ఇనుము తేల్చాలి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండా వాడితే వేడెక్కి కరుగుతుంది.

ఇక కండ్ల సంగతి. ఒకసారి "ఒక్క చుక్కే కదా" అని అద్దం లేకుండా అంటించిన. అప్పుడేమీ కాలేదు. రాత్రి పదకొండుకు కండ్లల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు, దీపం చూడలేను. తెల్లవార్లూ కూర్చున్నా. ఆలుగడ్డ ముక్కలు పెట్టమన్నవాళ్ళు, చనుబాలు పొయ్యమన్నవాళ్ళు ఉన్నారు. అవేవీ వద్దు, కండ్ల డాక్టరు దగ్గరికి పోండి. మెడికల్ షాపులో తిమ్మిరి చుక్కలు అడిగి వేసుకోవద్దు, నొప్పి తెలియదు గాని పుండు మానడం ఆలస్యమవుతుంది. ముసుగులో 10 లేదా 11 నంబరు గ్లాసు ఉండాలి. మన గల్లీలో మెరుపు కనబడితే పిల్లలు ఉరికి వస్తారు, ముందు వాళ్ళను లోపలికి పంపి, గోనెపట్టా కాకుండా రేకు అడ్డం పెట్టి మొదలుపెట్టండి. గోనెపట్టాకు నిప్పురవ్వ చాలు.

తెల్లపూత ఉన్న జి.ఐ. పైపు అయితే పూత గీకి, బయట గాలిలోనే అంటించాలి. ఆ తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటది. డీజిల్, పెట్రోలు ఉన్న డబ్బా ఖాళీ అయినా ముట్టుకోవద్దు, లోపలి ఆవిరి పేలుతుంది. ట్రాక్టరు కొక్కెం, బండి ఇరుసు లాంటివి విరిగితే మనుషుల మీద పడతాయి, అవి షాపుకే ఇయ్యండి.

తమ్ముడు గొర్రు పళ్ళు కూడా అతికించొచ్చా అని అడిగిండు. అది వేరే ఇనుము, వచ్చే నెల రాస్తా.